త్వాయ్ బాబాయి రెండో చెప్పు

"పొద్దున్న ఒక విదేశీయుణ్ణి రోడ్డు దాటించాన్రా" అన్నాడు త్వాయ్ బాబాయి, మొహం కడుక్కున్నాను అన్నంత మామూలుగా.

హనోయ్‌లో మా వీధి చివర లువా అత్త టీ బండి దగ్గర, జానెడెత్తు ప్లాస్టిక్ పీటల మీద ముగ్గురం కూర్చున్నాం. బైకు మీద మనుషుల్ని ఎక్కించుకు తిప్పే నేను, చెట్టుకి అద్దం తగిలించి గడ్డాలు గీసే కియెమ్, నిరుడు పల్లె నుంచి కూతురింటికొచ్చి ఇక్కడే ఉండిపోయిన త్వాయ్ బాబాయి. నిజానికి ఆయన నాకు తాత వరస. కానీ లువా అత్త వినేంత దూరంలో తాతా అంటే ఊరుకోడు.

బాబాయి చొక్కా జేబులోంచి రెండు టికెట్లు తొంగి చూస్తున్నాయి. రోడ్డవతల హాల్లో సాయంత్రం నీటిబొమ్మలాట. రెండో టికెట్టు ఎవరికో వీధంతటికీ తెలుసు. అడగడానికే ఆయనకి నోరు పెగలడం లేదు. మిగతా అన్నిటికీ పెగులుతుంది.

"అది సరే బాబాయ్, నీ రెండో కాలి చెప్పు ఏదీ?"

ఆయన ఉత్తకాలు గబుక్కున పీట కిందికి లాక్కున్నాడు. "అదే కదరా అసలు కథ! మధ్యలో అడ్డు రాకు. ఆ విదేశీయుడు బీరువా అంత ఉన్నాడు. తెల్లారింది మొదలు అవతలి గట్టున నిలబడ్డాడు పాపం, ఈ బైకుల వరద ఎప్పుడు ఆగుతుందా అని. అది ఆగేదా పెట్టేదా! నిలబడ్డచోటే ఎవరో రెండు గిన్నెల నూడిల్సు తినిపించారట. నన్ను చూసి బావురుమన్నాడు. 'అయ్యా, యుద్ధంలో మీ మీదికే వచ్చాను, విమానంలోంచి దూకాను, అప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు' అని."

"నీకు వాళ్ళ భాష వచ్చా?" కత్తెర తుడుచుకుంటున్న కియెమ్ చెయ్యి ఆగింది.

"భయానికి భాషేంటయ్యా! పాత సంగతులు వదిలెయ్, ఇప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టానివి అన్నాను. రోడ్డు దాటడమంటే ఏముంది, ఆగకూడదు, పరిగెత్తకూడదు, పెళ్ళి విందుకి వెళ్తున్నట్టు తాపీగా నడవాలి, బైకులే మన చుట్టూ తిరిగి పోతాయి అని చెప్పి చెయ్యి పట్టుకున్నాను. ఉహూఁ, కాళ్ళు కదిలితేగా! ఎత్తి భుజమ్మీద వేసుకున్నాను."

"బీరువానా?"

"బీరువానే. పైగా ఆయన సంచి ఈ చేత్తో. అక్కడితో అయిపోతే నేను చెప్పనే చెప్పను. ఇది చూసి మిగతా టూరిస్టులు ఊరుకుంటారా? ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు, వాడి చొక్కా ఇంకొకడు, రైలులాగా! తోక చివర్న ఎవరున్నారో నాకే తెలీదు, స్టేషన్ దాటిపోయిందని విన్నాను. సరిగ్గా రోడ్డు మధ్యలో ఉన్నామా, పందుల లారీ! బ్రేకుల్లేవు! డ్రైవరు కిటికీలోంచి దణ్ణం పెడుతున్నాడు, వెనకాల పందులూ పెడుతున్నాయి. ఏం చేశానంటావ్?"

"చెప్పు విసిరావు" అన్నాను.

"విసిరాను! గాల్లో మూడు మొగ్గలేసింది, కిటికీలోంచి దూరింది, లారీ తాళం చెవికి తగిలి టక్కున తిప్పింది. ఇంజను ఆగిపోయింది. దాంతో ఊళ్ళో బైకులన్నీ ఆగాయి. ఎంత నిశ్శబ్దమంటే, సరస్సులో తాబేలు తల బయటపెట్టి, ఊరంతా ఎక్కడికైనా పోయిందా అని చూసింది. అప్పుడు స్తంభం మీది వార్డు మైకు 'కామ్రేడ్ త్వాయ్, కామ్రేడ్ త్వాయ్' అని పిలిచింది. పతకం ఇస్తారట, రోడ్డు మధ్యలో విగ్రహం కూడా పెడతారట. వద్దన్నాను, దాటేవాళ్ళకి అడ్డం కదా."

"విగ్రహానికి ఒక చెప్పా, రెండా?" అన్నాడు కియెమ్.

అంతసేపూ గ్లాసుల్లో ఐసు వేస్తున్న లువా అత్త బండి కిందికి వంగింది. లేచి, ఒక గోధుమరంగు చెప్పు తెచ్చి గింజల పళ్ళెం పక్కన పెట్టింది.

"రెండు" అంది.

బాబాయి ఉత్తకాలు ఇంకా లోపలికి లాక్కున్నాడు.

"గులాబీ టోపీ పెట్టుకున్న విదేశీ పిల్ల, నా భుజం దాకా కూడా లేదు, రోడ్డు మధ్యకి వెనక్కి వెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఒక తాతగారు కళ్ళు గట్టిగా మూసుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దాటారని సైగలతో చేసి చూపించింది. ఎంత గట్టిగా పట్టుకున్నారు త్వాయ్ గారూ, పాపం వేళ్ళు కందిపోయాయి! అవతలికి వెళ్ళేటప్పుడు బడిపిల్లల గుంపులో దూరి వెళ్ళారు, అదీ చూశాను."

నేనూ కియెమూ ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. బాబాయి చెప్పు తీసుకున్నాడు గానీ తొడుక్కోలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. జేబులోని టికెట్లని వేలితో లోపలికి నెట్టాడు.

"టికెట్లు అవతలే అమ్ముతారు కదండీ" అన్నాడు నేలకేసి చూస్తూ.

అత్త కెటిల్ మూత పెట్టింది. నడుముకి కట్టుకున్న డబ్బుసంచి విప్పి నా ఒళ్ళో పడేసింది. "ఒరేయ్ బాక్, బండి చూస్తుండు. త్వాయ్ గారూ, చెప్పు తొడుక్కోండి. ఆటకి వేళవుతోంది."

"మీరు... వస్తారా?"

"మరి మీ అంతట మీరు దాటగలరా?"

వాళ్ళు గట్టు దిగారు. "ఇకనుంచి లువా అత్తని పిన్నీ అనాలేమో" అన్నాను. కియెమ్ ఖాళీగా ఉన్న పీట మీద కాళ్ళు జాపి, "ముందు దాటనీరా" అన్నాడు.

సగం దూరం వెళ్ళాక, హారన్ల మధ్యలోంచి బాబాయి గొంతు వినిపించింది. "లువా గారూ, ఇంతకంటే పెద్ద రోడ్డొకటి, మా పల్లె దగ్గర..."

"ముందు కళ్ళు తెరవండి" అంది అత్త.