బోర్డు మీద నా పేరు

"అమ్మమ్మా, క్లాసులో అల్లరి పిల్లల్ని నువ్వెలా దారిలో పెట్టేదానివి? నా వల్ల కావట్లేదు. ఇదిగో, ఆ చరణ్‌ని వేరే సెక్షన్‌కి మార్చెయ్యమని ప్రిన్సిపాల్ గారికి కంప్లైంటు రాసేశా."

ఉండవే శ్రావణీ, ఆ కాగితం బల్ల మీద పెట్టు. ఈ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ విను, చేతులు ఖాళీగా ఎందుకూ.

నేను కొండపల్లి బళ్ళో మూడో తరగతి చెప్పేదాన్ని. బెజవాడ నుంచి రోజూ బస్సే. టిక్కెట్టు రూపాయిన్నర... కాదు కాదు, రూపాయి ముప్పావలా. సరేలే, సంగతి అది కాదు.

ఆ క్లాసులో షబానా అని ఒక పిల్ల. వాళ్ళ నాన్న కొయ్యబొమ్మలకి రంగులేసేవాడు. సగం రంగులు దీని గౌను మీదే ఉండేవి. రైలు కూత వినపడితే చాలు, కిటికీ దగ్గరికి ఒకటే పరుగు. దాని వెనకాల నలభై మంది. రైలు వెళ్ళిపోయినా ఇది మాత్రం కూత ఆపేది కాదు. బతిమాలా, గోడకుర్చీ వేయించా, ముందు వరసలో కూర్చోబెట్టా. ఊహూఁ. చివరికి నాకో తెలివైన ఆలోచన వచ్చింది, తెలివైనదనే అనుకున్నాలే అప్పుడు. దాన్నే క్లాసు లీడర్ని చేశా. లీడరంటే తెలుసుగా? చాక్‌పీసు పట్టుకుని, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన గీత. పేరు పడ్డవాళ్ళు గంట కొట్టేదాకా బోర్డు పక్కన నించోవాలి. ఆ రూలు నాదే.

"ఎవర్నీ వదలొద్దు, ఎంత స్నేహితులైనా సరే" అని గట్టిగా చెప్పి గుమ్మం దగ్గరికెళ్ళా. పక్క క్లాసు కమల టీచరు ఉందక్కడ. ఒక్క మాటే అడుగుదామని. వాళ్ళ ఆడపడుచు పెళ్ళి, పెళ్ళిలోంచి మంగళగిరి చీరలు, చీరల్లోంచి గోంగూర పచ్చడి... మాటలంటే అంతేగా. వెనకాల క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉందనుకున్నావ్! నా ప్లాను పారిందని మురిసిపోతూ తిరిగి చూశా.

బోర్డు మీద ఒక్కటే పేరు. సుశీల టీచర్. అంటే నేనే. పక్కన ఆరు గీతలు!

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారొచ్చారు. బెత్తం ఆయనకి ఆరో వేలనుకో. "ఎవరు రాశారిది?" అన్నారు. అప్పటిదాకా ఎవరికీ జంకని పిల్ల, చాక్‌పీసు వీపు వెనక దాచుకుని నా వంక చూసింది. ఏం చెయ్యను చెప్పు? దెబ్బలు దానికి పడనిచ్చి నా పరువు కాపాడుకోనా?

"నేనే రాయమన్నానండీ. మాట్లాడింది కూడా నేనేనండీ" అన్నా. వెళ్ళి బోర్డు పక్కన నించున్నా. ఆయన ఏదో అనబోయి, మీసాల కింద నవ్వు దాచుకుని వెళ్ళిపోయారు.

పావుగంటకి షబానా వచ్చింది. "కాళ్ళు నొప్పా టీచర్? కూర్చోండి. ఇంకోసారి మాట్లాడకండి" అంది, పెద్ద ఆరిందాలా.

"గంట కొట్టలేదుగా" అన్నా. నించునే ఉన్నా.

మర్నాటికి బుద్ధిమంతురాలైపోయిందనుకున్నావా? అబ్బే! రైలొస్తే పరిగెత్తేది. కాకపోతే రైలు దాటగానే, నేను పిలవకుండానే తిరిగొచ్చి, "కూర్చోండ్రా, టీచర్ చెప్తున్నారుగా" అని ఆ నలభై మందినీ కసిరేది.

ఇంతకీ నీ చరణ్ ఏం చేశాడు?

"అందరి ముందూ, 'మేడం ఫోన్ చూస్తున్నారు' అని అరిచాడు."

చూశావా, లేదా?

"...ఒక్కసారే, అమ్మమ్మా."

ఒక్కసారికి పేరే. గీత లేదులే.

అదేంటి, కాగితం చింపేస్తున్నావా? ఆగు, ఎందుకు పాడుచేస్తావ్, చిక్కుడు ఈనెలు అందులో వెయ్యి. ఎప్పుడైనా నీ బోర్డు మీద నీ పేరే పడితే, గంట కొట్టేదాకా నించునే ఓపిక నీ కాళ్ళకి ఉండాలి తల్లీ. చల్లగా ఉండు. ఆఁ, నేను చెప్తుంటే మళ్ళీ చూస్తున్నావా? ముందా ఫోను ఇటివ్వు...