ఊదే అలవాటు

పని గదిలో కుంపటి చల్లారి ఉంది. కంసాలి చేతిలో ఇన్‌హేలర్. ఎదురుగా ఆయన భార్య కూర్చుంది.

"నెలైంది, ఆయాసం ఇసుమంతైనా తగ్గలేదు. ఈ మందు దండగే."

"ఏదీ, నా ముందు ఒకసారి వేసుకోండి, చూస్తాను."

"ఇదిగో, ఫూ..."

"అయ్యో నా రాత! ఊదుతున్నారేంటండీ? పీల్చాలి!"

"నలభై ఏళ్లు ఊదుగొట్టం ఊదినవాణ్ణి. నోట్లో గొట్టం పెడితే చాలు, ఊపిరి దానంతటదే బయటికొస్తుంది."

"అయితే నెల నుంచీ ఈ గోడలకే ఆయాసం తగ్గుంటుంది. ముందు ఊపిరంతా బయటికి వదలండి. ఇప్పుడు పెదాలు బిగించి, నొక్కుతూ మెల్లగా పీల్చండి. అలాగే బిగపట్టండి, నేను పది లెక్కపెడతా."

"హమ్మయ్య! నీ పది అయ్యేసరికి నా పని అయిపోయేలా ఉంది. బాగున్న రోజు మానేయొచ్చా?"

"కుదరదు. రోజూ రెండు పూటలా వేసుకోవాలంది డాక్టరమ్మ. తర్వాత నోరు పుక్కిలించకపోతే పూస్తుందట."

"ఈ వయసులో నాకెందుకే ఇంత తంటా?"

"ఆయాసంతో గొంతెత్తలేక, మూడు నెలలుగా దాగలి దిమ్మ మీద సుత్తితో కొట్టి పిలుస్తున్నారు నన్ను. మీరు నోరారా పిలిచి ఎన్నాళ్లయిందో తెలుసా?"

ఆయన లేచి నోరు పుక్కిలించడానికి వెళ్లాడు.

పదిహేను రోజులు గడిచాయి. ఆమె వంటింట్లో ఉండగా పని గదిలోంచి వినిపించింది.

"ఏమేవ్! పుక్కిలించడానికి నీళ్లు పట్రా!"

"వస్తున్నా, వస్తున్నా! వీధంతా వినపడేలా ఎందుకండీ ఆ అరుపు?"