చంద్రుడి ఫోటో, పెళ్ళికొడుకు ఫోటో

ఆమదాలవలస స్టేషన్లో కోటబొమ్మాళి బండి కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద తాంబూలాల సరుకుల సంచులతో ఒక అక్కా తమ్ముడూ ఉన్నారు. తమ్ముడు అక్కని ‘అప్పా’ అని పిలుస్తూ ఫోన్ చూపిస్తున్నాడు.

“చందమామ మీదకి ఎవలూ ఎల్లలేదప్పా. గాలి లేనికాడ జెండా ఎలాగ ఊగుతాది? నీడలు సూడు, ఒకటిటు, ఒకటటు. అంతా స్టూడియోలో తీసీసినారు.”

“అబ్బో, అమెరికావోల మోసం కోటబొమ్మాళిలో కూకుని పట్టీసినావు. మరి నీ కూతురికి సూసిన సమ్మందం, ఆళ్ళ ఇల్లెలాగున్నాది?”

“రెండంతస్తుల మేడ. అబ్బాయి దాని ముందర నిలబడి ఫోటో పంపినాడు.”

“ఇల్లు సూడ్డానికి నువ్వెల్లలేదేటి?”

“చీపురుపల్లి దాకా ఎందుకప్పా? ఫోటో ఉన్నాది కదా.”

“ఏదీ, ఇలాగియ్యి. మేడ నీడ ఇటు పడింది, అబ్బాయి నీడ అటు పడింది. ఇదీ ఆ స్టూడియోలోనే తీసినారేటిరా?”

“రేపే తాంబూలాలు. ఇప్పుడెల్తే ఆళ్ళేటనుకుంతారప్పా?”

“పిల్లనిచ్చేవోడు ఇల్లు సూడ్డానికి వచ్చినాడనుకుంతారు.”

“మన బండి వచ్చీసింది.”

“ఎల్లనీరా. సంచులట్టుకో. చీపురుపల్లి బండి అవతల ప్లాట్‌ఫారం మీద ఆగుతాది.”