మీ తాత రబ్బరు గొట్టం

కార్బురేటర్లా, ఇంజెక్షనా అనా? నన్నడుగుతావేంట్రా మనవడా, ఇంజిను నీది, చెయ్యి నీది. సరే, అడిగావు కనక కూర్చో. మీ తాత, అదే మా అన్నయ్య, కొండ రేసు కోసం రెండు పాత ఇంజిన్లు విప్పి ఒకటి కట్టాడు. నాలుగు సిలిండర్లు, వాటికి గాలీ పెట్రోలూ కలిపి పంపే నాలుగు కార్బురేటర్లు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర. గాలి బుస వింటూ స్క్రూ తిప్పేవాడు. నాలుగూ ఒకే గొంతుతో పలకాలి, అదీ ఆయన లెక్క. మీ నాన్నేమో, "నాన్నా, ఇంజెక్షన్ పెడదాం, కొండెక్కే కొద్దీ గాలి పలచబడుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలు అదే సర్దుకుంటుంది" అనేవాడు. అన్నయ్య ఊరుకుంటాడా! "యంత్రం మనిషికి బానిస కావాలి గానీ, మనిషి యంత్రానికి కాదురా!" ఎక్కడ చదివాడో ఆ ముక్క, అన్నం దగ్గర కూడా అదే. పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అసలు సంగతేంటంటే, ఆయన చెవులు పోయాయి. ఇంటివాళ్లం గట్టిగా మాట్లాడటానికి అలవాటు పడిపోయాం, ఆయనకే తెలీదు. ఆయన ట్యూన్ చేసి భోజనానికి వెళ్లగానే మీ నాన్న గాలి కొలిచే గేజీలు తగిలించి అన్నీ సరిచేసేవాడు. తిరిగొచ్చి ఆయన, "చూశావురా తమ్ముడూ, నా చెవి!" అని మురిసిపోయేవాడు.

ఓసారి కళ్లజోడు మర్చిపోయి మధ్యలోనే వెనక్కొచ్చాడు. కొడుకు చేతిలో స్క్రూడ్రైవరు చూశాడు. "నా పని పాడుచేస్తున్నావురా దొంగా! నా గడప తొక్కకు!" అని అరిచాడు. నేను నోరు తెరవబోతే మీ నాన్న నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఏమీ చెప్పొద్దని. ఇల్లొదిలి వెళ్లిపోయాడు. పిచ్చివాడు.

ఆ తర్వాత అన్నయ్య తన చెవి చెప్పినట్టే మళ్లీ తిప్పాడు. మూడో సిలిండరుకి పెట్రోలు తగ్గిపోయింది. రేసులో సగం కొండెక్కాక వేడికి పిస్టను కరిగి చిల్లు పడింది. షెడ్డుకి తెచ్చి విప్పాడు. ఆ చిల్లులో వేలు పెట్టి చూశాడు. తర్వాత షెడ్డులో ఉన్న ఇంకో బండి స్టార్టు చేయించి, గొట్టం నా చెవిలో పెట్టి, "నీకు వినబడుతోందా?" అన్నాడు. ఆఁ అన్నాను. మళ్లీ తన చెవిలో పెట్టుకున్నాడు. ఈ చెవి, ఆ చెవి. కొడుకు ఎందుకు స్క్రూ పట్టుకున్నాడో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంజెక్షన్ సామాను తెప్పించాడు, నీకు తెలుసా? పెట్టె విప్పలేదు. "వాడొచ్చి బిగిస్తాడు" అనేవాడు. కబురు పెట్టన్నయ్యా అంటే, "ఏమని పెట్టను? తండ్రి చెవిటివాడయ్యాడనా?" పెద్దరికం, పెద్దరికం! ఎంతమంది కొడుకుల్ని మింగిందిరా ఈ పెద్దరికం! మీ నాన్న వచ్చేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. అన్నీ అయ్యాక షెడ్డులోకి వచ్చి ఆ పెట్టె చూశాడు. "బాబాయ్, నాన్న దీన్ని ఎవరికోసం కొన్నాడు?" అన్నాడు. నేనూ చెప్పలేదురా వాడికి, నీకోసమేనని.

ఆ ఫ్యాను కాస్త పెంచరా. ఉక్కగా ఉంది.