వెంకటరాయప్ప చెవి

బళేపేటలో మునిలక్ష్మి టీ అంగడి ముందర బెంచీ మీద వెంకటరాయప్ప కూర్చున్నాడంటే పక్కన గాజుల బేరాలు కూడా గొంతు తగ్గించుకుంటాయని ఆయన స్నేహితుడు గురుమూర్తి నమ్మకం. ఆ బెంచీకి ఒకప్పుడు వీపు ఆనుకునే పలక ఉండేది; దాని కథ వేరే, ఇప్పుడు వద్దు. వెంకటరాయప్ప టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. గురుమూర్తి మనవరాలు ఆశ వైర్‌లెస్ రిసీవర్లు తయారుచేసే ఆఫీసులో ఇంజనీరు. కొత్తగా చేరిన పిల్లలకు పాతకాలపు మనిషెవరి చేతనైనా నాలుగు మాటలు చెప్పించాలని వాళ్ళు అనుకుంటూ ఉంటే, "మా వెంకటరాయప్ప ఉండాడు గదా!" అని గురుమూర్తి మాట ఇచ్చేశాడు. ఇవాళ ఆమె స్వయంగా వినిపోదామని వచ్చింది. ఈయన మరీ ఎక్కువ కోయకుండా ఉంటే చాలునని గురుమూర్తికి లోపల ఒకటే గుబులు.

"పెద్ద పనేం కాదమ్మా," వెంకటరాయప్ప వినయంగానే మొదలుపెట్టాడు. "ఒకసారి వానకు కేబులు తడిసి రెండిండ్ల మాటలు ఒకే లైన్లో కలిసిపోయినాయి. ఒకటి పెండ్లి సంబంధం, ఇంకోటి ఎనుము బేరం. రెండూ విడదీసి ఎవరివి వాళ్ళకు చెప్పినా. లేకుంటే పెండ్లికొడుకు పూటకు ఎన్ని పాలిస్తాడని అడిగేవాళ్ళు!"

ఆశ నవ్వింది. గురుమూర్తి ఊపిరి పీల్చుకున్నాడు.

"నా చెవి పదును సంగతి ఎట్లనో బయటపడింది. మొన్నామధ్య చిక్కపేటలో ఒక మిద్దె మీద టవరు పెట్టినారు. పంపే యాంటెన్నాలు నాలుగు, వినేవి నాలుగు. పంపేవన్నీ ఒకేసారి, ఒకే ఫ్రీక్వెన్సీలో అరుస్తాయి. వేగం కావాలంటే అంతే గదా! వినే పక్క అంతా కలగాపులగం. ఇంజనీర్లు తలలు పట్టుకోని కూర్చున్నారు. నేను పోయినా. పోయి ఏం చేసినానో తెలుసా?"

"ఏం చేసినారు తాతా?"

"ముందు ఒక్కో యాంటెన్నా చేత నాకు తెలిసిన మాట ఒకటి చెప్పించినా. తెలిసిన మాటైతేనే గదా, అది ఏ గోడకు తగిలి ఎట్లా వంకరపోయి వస్తా ఉండాదో కనిపెట్టేది? ఆ పైన గట్టిగా వినిపించేదాన్ని మొదట పట్టుకున్నా. సందులో తోపుడుబండివాడు దారి దారి అని అరుస్తాంటే పక్కన చీరల బేరం వినపడదు. వాడి అరుపు ఏందో తెలిసిపోయిందా, దాన్ని మనసులో తీసేస్తాం, బేరం వినపడుతుంది. బేరాన్నీ తీసేస్తే గుసగుస వినపడుతుంది. అంతే!"

ఆశ ముందుకు వంగింది. "తాతా, మేమూ ఇట్లే చేస్తాం. ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు."

గురుమూర్తి ఛాతీ ఉబ్బింది. కథ అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ మెచ్చుకున్నాక ఆగే మనిషా ఆయన?

"నాలుగొక లెక్కా! అరవై నాలుగు పెట్టినారు. రెండు స్టీలు లోటాలు చెవులకు ఆనించుకోని అన్నీ విడదీసినా. వాటిని నూరు దాటించినాక యాంటెన్నాలు అలసిపోయినాయి గానీ నేను కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టవరుకు కరెంటు పోయింది. ఊరి నెట్టంతా నా చెవి మీదనే నడిచింది! బొమ్మనహళ్ళిలో ఒకామె సీరియలు చూస్తా ఉంటే, ఆగిన తావు నుంచి ఏడుపుతో సహా నేనే పంపించినా. గాలిలో నాకు తెలియకుండా ఒక్క అక్షరం..."

అప్పుడే మునిలక్ష్మి కెటిల్ తెచ్చి ఆయన గ్లాసులో టీ పోస్తూ, ఇంక చాలా, పొయ్యాలా అన్నట్టు కన్నడంలో అడిగింది: "సాకా?"

వెంకటరాయప్ప దాన్ని తెలుగులో విన్నాడు. మొహం ఎర్రబడింది. "సాకా? నేను సాకులు చెప్పే మనిషినా?"

చాలని అనలేదు గనక ఆమె పోస్తూనే ఉంది. "సాకా అప్పా?"

"కాదంటే కాదు!"

ఆమె ఇంకా పోసింది. టీ గ్లాసు దాటి, బెంచీ దాటి, పంచె మీదికి పారింది. ఆయన ఎగిరి లేచాడు.

గురుమూర్తి కళ్ళు మూసుకున్నాడు. తన మాటా పోయింది, స్నేహితుడి అవకాశమూ పోయింది.

ఆశ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఊరంతా విన్న చెవికి మునిలక్ష్మక్క ఒక్క మాట చిక్కలేదే తాతా! మా ఆఫీసు తలనొప్పీ ఇదే. మొదటి మాట తప్పుగా పట్టుకుంటే వెనకవన్నీ తప్పే, చివరికి ఇట్లా పొర్లిపోతుంది. సోమవారం వచ్చి మా పిల్లలకు ఈ కథే చెప్పండి. సీరియలు వద్దు, పంచె సంగతి చాలు."

గురుమూర్తి కళ్ళు తెరిచాడు.

"నా చెవి తప్పు కాదమ్మా," పంచె పిండుకుంటూ అన్నాడు వెంకటరాయప్ప. "ఈమె ముందుగా తెలిసిన మాట ఒకటి చెప్పి ఉంటే..."

"అప్పా," కెటిల్ దించింది మునిలక్ష్మి. "ఇందాక నేను అడిగింది కన్నడం సాకు. ఇప్పుడు మీరు చెప్తా ఉండేది తెలుగు సాకు."