పురికొస పట్టు

ఉప్మా స్పూనుతో తింటావు, సరే. ఇడ్లీ స్పూనుతో తింటావు, అదీ సరే, హోటలు అలవాటు అనుకుందాం. పప్పన్నం స్పూనుతో తినేదేంది మహేశూ? గోంగూర పప్పు, పైన నెయ్యి, పక్కన ఊరమిరపకాయ. మన ఇంటా వంటా ఎవరన్నా తిన్నారా అట్ల?

ఆ? ఇటు తిరిగి చెప్పు. కంచంలోకి చూస్తా గొణిగితే ఎవరికి అర్థమవుతుంది? వదిన మొహం చూడ్డానికి కూడా మొహమాటమా నీకు?

కాలిందా. పెనం అంటుకుందా. నువ్వు వంటింట్లోకి పోయిందెప్పుడు, పెనాన్ని ముట్టుకుందెప్పుడు నాయనా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఏదీ, చెయ్యి చూపించు. ఎడమది కాదు, కుడిది. నీ వదిన మరీ అంత పిచ్చిది కాదులే.

అదిగో. బొటనవేలి మొదట్లో ఎట్ల ఉబ్బిందో చూడు. దొంగకు తేలు కుట్టినట్టు ఈ వారమంతా కిక్కురుమనకుండా తిరుగుతున్నావు. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటున్నావు, ఒకటి దాటించి ఇంకోటి. నిన్న దుకాణంలో అట్లనే కూర్చుంటే సుబ్బులమ్మత్త బెల్లం తీసుకుంటా నవ్వింది. నీకేమో ఆమెకు నీ మీద అభిమానం అనిపించింది.

కదలబాకు. రాళ్లుప్పు వేయించి మూట కట్టినా, కాపడం పెడతా. వేడిగా ఉందా? ఉంటుంది మరి, ఉప్పు వేయించింది చల్లారబెట్టి నీకు విసరడానికా?

నిన్న మీ అన్న కూడా చూసినాడు. 'సౌభాగ్యం, మన ఉమామహేశ్వర్లేంది దొరమాదిరి స్పూను పట్టినాడు' అన్నాడు. చేత్తో తింటే క్రిములు పోతాయంట కడుపులోకి, ఎవరో పెద్ద డాక్టరు చెప్పినాడంట అని నేనే సర్దిచెప్పినా. ఆయన తన చెయ్యి ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకొని మళ్లీ కలుపుకున్నాడు, పాపం.

కానీ ఎన్నాళ్లు దాస్తా? ఆయన సంగతి నీకు తెలియందా. దుకాణంలో పని చేసే చెయ్యి దుకాణానికే ఉండాలంటాడు. ఆర్కెస్ట్రాకు పోయి చెయ్యి పాడు చేసుకున్నావని తెలిసిందంటే నీ బేసు గిటారు అటకెక్కుతుంది, నువ్వు మళ్లీ స్టేజీ ఎక్కేది ఉండదు. ఎల్లుండి కురిచేడు పెళ్లికి నువ్వు రాలేదనుకో, ఆ కీబోర్డాయన ఉన్నాడే, తన ఎడమచేత్తో నీ బేసు గిటారు లావు మోత తనే మోగిస్తాడు. ఒకసారి అట్ల జరిగిపోయిందంటే, నీకు జీతమిచ్చి నాలుగు తీగలు మీటించడం ఎందుకని వాళ్లకూ అనిపిస్తుంది.

అందుకే చెప్తున్నా, విను. నీ రోగమేందో నాకు తెలుసు. నవ్వకు.

రాష్ట్రం రెండు ముక్కలై ఏడాది దాటింది, ఈ బజారులో ప్రతి దుకాణమూ కవర్లలోకి దిగింది, మీ అన్న మాత్రం పేపరు పొట్లమూ పురికొసా వదలడు. ఆ పొట్లాలు కట్టేది నువ్వు. దారం చుట్టి, కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టి, ఒక్క గుంజు గుంజి తెంపుతావు. నీ అంత ఒడుపుగా తెంపేవాడు మార్కాపురంలో లేడు, ఒప్పుకుంటా. ముసలోళ్లు నీ చెయ్యి చూడ్డానికే జీలకర్ర కొనుక్కుంటారు.

పెళ్లిలో స్టేజీ ఎక్కినాక చేసేదీ అదే కద నువ్వు. పిక్కు, ఆ గోరంత ప్లాస్టిక్ బిళ్ల, దాన్ని కూడా పురికొస పట్టినట్టే పడతావు. ప్రతి తీగనూ తెంపుదామన్నట్టే కొడతావు. అవి ఇనప తీగలు మహేశూ. తెగేదాకా లాగకూడదని ఊరికే అనలేదు పెద్దోళ్లు. ఈ తీగ తెగదు, నీ నరమే తెగుతుంది.

ఏందీ? నన్ను చూసి చెప్పమన్నానా.

గట్టిగా పట్టుకోకపోతే జారిపోతుందా? జారిపోనీ. మీ బ్రహ్మాన్ని అడిగే చెప్తున్నా. అవును, మీ ఆర్కెస్ట్రాలో ఇంకో గిటారు వాయించే బ్రహ్మమే. ఆయన మిక్సీలు బాగుచేసే కొట్టుకు పోయి అడిగినా. మన మిక్సీకేం కాలేదు. వట్టిచేతుల్తో పోతే బాగుండదని మోసుకుపోయినా. ఆయన విప్పి చూసి, ఏమీ లేదక్కా అని మళ్లీ బిగించి ఇచ్చినాడు.

పిక్కు కిందపడుతుందేమో అన్నంత వదులుగా ఉండాలన్నాడు. పడితే జేబులో ఇంకోటి ఉంటుంది, వేలు పడిపోతే ఎక్కడుంది అన్నాడు. కొస కొంచెమే బయటికి ఉండాలంట, తీగను గీరీగీరనట్టు తగలాలంట. చేయంతా మోచేతి దగ్గర్నుంచి గొడ్డలి ఊపినట్టు ఊపకుండా మణికట్టు ఆడించాలంట. పాటకూ పాటకూ మధ్య చెయ్యి వేలాడేసి విదిలించాల. నొప్పి మొదలైతే ఆపాల. నువ్వేమో పళ్లు బిగబట్టి ఇంకా గట్టిగా బాదుతావంట.

ఎందుకు బాదుతావో కూడా చెప్పినాడులే. నీ సౌండు నీకు సరిగ్గా వినపడదంట. పెంచమని మిషను దగ్గరాయన్ని అడగడానికి నీకు మొహమాటమంట. అడిగితే నోటి ముత్యాలు రాలతాయా? తీగను కొట్టి పెంచే సౌండు మిషను బిరడా తిప్పించి పెంచుకో. ఇంకో మాట. ఆ గిటారు మోకాళ్లదాకా వేలాడేస్తావు, సినిమాలో హీరో మాదిరి. బెల్టు పైకి లాగి బొడ్డు దగ్గర పెట్టుకో. అందం కొంచెం తగ్గుతుంది, తగ్గనీ, ఉన్నదాంట్లో సర్దుకుందాం.

ఇదిగో, ఈ అప్పడం పట్టుకో. రెండు వేళ్లతోనే. పగలకుండా పట్టుకొని ఊపు, తీగ మీటినట్టు. ఊపు నాయనా, నొప్పి పుడితే ఆపెయ్.

పగిలింది.

ఇంకోటి తీసుకో. వదులుగా. అప్పడాన్ని పట్టుకోవడానికి ఆ మొహం అంత బిగించేదెందుకు, భుజం దించు. ఆఁ, అట్ల. చూసినావా, కిందా పడలేదు, పగలా లేదు. ఆ పట్టు గుర్తుపెట్టుకో. గల్లాపెట్టె పక్కన కత్తెర కట్టి వేలాడేసినా, రేపట్నుంచి పురికొస దాంతో కత్తిరించు. మీ అన్న అడిగితే నేను పెట్టిందని చెప్పు. రెండు రోజులు గిటారు ముట్టకుండా చెయ్యికి పని తగ్గించు. అప్పటికీ తగ్గకపోతే ఈ పెళ్లి వదులుకో, ఇద్దరం ఒంగోలు పోయి డాక్టరుకు చూపిద్దాం. ఒక్క పెళ్లికి పోకపోతే మాట పడతావు, చెయ్యే పోతే ఏ పెళ్లీ ఉండదు.

ఏంది అట్ల చూస్తావు? వదినకు ఇంత సంగతి ఎట్ల తెలిసిందనా?

బ్రహ్మం చెప్పకముందే నాకు సగం తెలుసు. మీరు వాయించేటప్పుడు అందరూ పాట వింటారు, నేను చేతులు చూస్తా. వేరే ఏం చేయమంటావు? పాట వినపడదు కద నాకు.

ఉలిక్కిపడకు. ఇప్పటిది కాదు ఇది. ముందు సన్నటి చప్పుళ్లు పోయినాయి. కుక్కరు విజిలు పోయింది, ఫోను మోత పోయింది, నా గాజులు నాకే వినపడటం మానేసినాయి. మొన్న అన్నం మాడితే సీరియల్లో పడి మరిచిపోయిందని మీ అన్న కేకలేసినాడే, అదే మేలని ఊరుకున్నా. చెవిటిదనిపించుకునేదానికంటే సీరియళ్ల పిచ్చిదనిపించుకోవడం నయం కద. మనుషుల పెదాలు చూసి సర్దుకుంటున్నా. నిన్ను ఇందాకట్నుంచి ఇటు తిరగమనేది అందుకే.

దొనకొండ పెళ్లిలో పాటకు అందరూ తల ఊపుతుంటే నేనూ ఊపినా. పాడే పిల్ల నోరు తెరవడం, మూయడం, అదే కనపడింది. భయమేసింది మహేశూ. ఇంక నా బతుకంతా ఇట్లనే చూస్తా కూర్చోవాలేమో అనిపించింది. అప్పుడు నువ్వు మొదలుపెట్టినావు. నీది చెవిలోకి రాలేదు. ఇనప కుర్చీలో నుంచి వెన్నులోకి వచ్చింది, పందిట్లో కాళ్ల కింద పరిచిన చెక్కలో నుంచి వచ్చింది. ఆ పెళ్లి మొత్తంలో నాకందింది నీ మోత ఒక్కటే. కళ్లలో నీళ్లొస్తే, హోమం పొగ అని చెప్పినా పక్కనామెకు.

కాబట్టి నీ మీద ప్రేమతో ఇంత పోరుతున్నానని పొంగిపోకు. నువ్వు మానేస్తే నష్టం నాకు.

ఏంది, ఏడుస్తున్నావా? రెండో అప్పడం కూడా పగలగొట్టినావా. సర్లే, అది నేను తింటా.

మీ అన్నకు చెప్పబాకు. చెప్పాల్సిన రోజు నేనే చెప్తాలే, ధైర్యం రానీ. అందాకా నీ చెయ్యి సంగతి నా దగ్గర, నా చెవి సంగతి నీ దగ్గర.

ఆ స్పూను ఇటియ్యి. పప్పన్నం కలిపి ముద్దలు పెడతా, తిను. తింటా తింటా వీధి తలుపు వైపు చెవి పెట్టి ఉండు. మీ అన్న చెప్పుల చప్పుడు నువ్వే వినాల.