మద్దెల నిజంగానే ఓడు

హలో… ఆ, నేనే. మీ వదినని.

… బాగానే ఉన్నా. ఇంట్లోనే ఉన్నారా మరిదిగారూ? … మా చెల్లి కూడానా? మంచిది.

… దాంతో కాదు, ముందు మీతోనే పని. ఆర్నెల్ల కిందట మా ఇంట్లో కంప్యూటర్ ఆర్గన్‌కి స్పీకర్లు బిగించారు చూడండి, వాటి గురించి.

… పాడవలేదు. ఆరూ మోగుతున్నాయి. ముందు రెండు, పక్కన రెండు, వెనక రెండు. ఆర్గన్ గొట్టాల నాదం ఎదురుగా పలుకుతుంది, హాలు ప్రతిధ్వని వెనకనించి వస్తుంది. కళ్లు మూసుకుంటే చర్చిలో కూర్చున్నట్టే ఉంటుంది. అందులో వంక పెట్టను.

… ఆగండి. నన్ను పూర్తి చెయ్యనివ్వండి.

రెండో వారంలోనే మీకు చెప్పానా లేదా? మీట నొక్కాక ఒక్క క్షణం ఆగి పలుకుతోందని?

… చెప్పాను. మీరొచ్చారు. టీ తాగారు. ఆ స్పీకర్ల ఆంప్లిఫయర్ ముందు గొంతుక్కూర్చుని ఏవో నొక్కారు. నొక్కి ఏమన్నారు?

… గుర్తులేదా? నాకుంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వదినా" అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను, బుద్ధిలేక.

… సరదాకా? మీ సరదా నన్ను చర్చిలో ఆర్గన్ కుర్చీలోంచి లేపేసింది.

మొన్న వెనక స్పీకరు ఒకటి గుయ్యిమంటోందని అన్నీ కట్టేసి, ఇంట్లో పడున్న హెడ్‌ఫోన్లు కంప్యూటర్‌కే గుచ్చుకుని వాయించాను. వేలి కిందే పలికింది! మళ్లీ స్పీకర్లలో వాయించాను. ఆలస్యం. నిన్న ఇంకో మెకానిక్‌ని పిలిచాను.

… పిలుస్తాను. నా ఇల్లు, నా ఇష్టం. ఆయన ఆంప్లిఫయర్ తెర మీద ఏం చదివాడో తెలుసా? "సినిమా."

… అదే. బొమ్మ పెదాలకీ మాటకీ కుదరాలని మాటని కాస్త ఆపి వదులుతారట. సెకనులో ఆరో వంతు. అందరిళ్లలో హోమ్ థియేటర్లు బిగించే చేత్తోనే నాకూ బిగించేశారు. మా గదిలో టీవీయే లేదు కదండీ! ఎవరి పెదాల కోసం ఆపారు?

… మర్చిపోయారు. ఎంత తేలిగ్గా అన్నారు! మద్దెల నిజంగానే ఓడు మరిదిగారూ. ఓటిది చేసింది మీరు.

… ఏమైందా? రోజుకి మూడు గంటలు ఆ ఆలస్యంతోనే వాయించాను. నాకు తెలియకుండానే ముందుగా నొక్కడం అలవాటైపోయింది. ఆదివారం చర్చిలో కూర్చుంటే, అక్కడి ఆర్గన్ నొక్కగానే పలుకుతుందాయె! పాడేవాళ్లింకా ఊపిరి తీసుకుంటూ ఉంటే నేను పాటలో ఉండేదాన్ని. క్వయర్ మాస్టారు మూడు వారాలు ఓర్చుకున్నారు. నాలుగో వారం పక్కకి పిలిచి, "మీ చేతులు విశ్రాంతి అడుగుతున్నాయమ్మా" అన్నారు. ఇరవై రెండేళ్ల తర్వాత.

… జాలి పడకండి, ఒళ్లు మండుతుంది. చెవుల డాక్టరు ఏమీ లేదన్నాడు. నరాల డాక్టరూ ఏమీ లేదన్నాడు. సరే, వయసే కాబోలనుకున్నాను. యాభై మూడుకే!

… ఏంటి? మళ్లీ చెప్పండి.

… మీరు కనిపెట్టారా? ఎప్పుడు?

… ఆ టీ తాగిన రోజు, ఇంటికెళ్లాక తట్టిందా. ఎలా మార్చాలో కాయితమ్మీద రాసి… ఎవరికిచ్చారు?

… మీ ఆవిడకి.

… మా చెల్లికి.

… ఇచ్చేశానందా? "అక్క మార్చేసుకుంది, వేళ్లే మొరాయిస్తున్నాయి" అందా?

మొన్న నేను పెట్టుకున్న హెడ్‌ఫోన్లు ఎవరివో తెలుసా మీకు? దానివే. బుధవారం బుధవారం మా ఇంటికొచ్చి సాధన చేసేది. "నీకు గోలెందుకులే అక్కా" అని వాటిని కంప్యూటర్‌కే గుచ్చుకునేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు! ఇప్పుడు చర్చిలో నా కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు? … చెప్పండి. మీ నోటితో చెప్పండి.

… ఫోన్ దానికివ్వండి.

… గిన్నెలు తర్వాత కడగొచ్చు. చేతులు తుడుచుకుని రమ్మనండి.

…

ఏమే.

… అంతా విన్నావుగా. తేలు కుట్టిన దొంగలా గిన్నెల చాటున నక్కావేం? ఆ కాయితం ఏం చేశావు?

… ఏం చేశావని అడుగుతున్నా.

… దాచావా. చింపెయ్యడానికి కూడా ధైర్యం చాల్లేదా?

… అవును, తిప్పావు. ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడి పాటల పుస్తకం పేజీలు తిప్పావు. కాదన్నానా?

… అడిగితే లేచేదాన్నా అంటావు. … లేచేదాన్ని కాదు. నిజమే. ఆ మాట నా మొహమ్మీదే అనాల్సింది. జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం, తేలిపోయేది.

కానీ నా వేళ్లకి మందు రాశావు కదే! చేతులు పోయాయని నేనేడుస్తుంటే, వేణ్ణీళ్లలో ముంచి, ఒక్కో వేలూ పట్టుకుని, "వయసక్కా, ఏం చేస్తాం" అన్నావు. నోరెలా వచ్చిందే నీకు?

… ఏడవకు. నీ ఏడుపు నాకు అక్కర్లేదు.

… లేదు, క్షమించను. నువ్వంటేనే అసహ్యం వేస్తోంది.

మాస్టారికి నేను చెప్పను. నువ్వే చెప్తావు. ఆదివారంలోపు.

… చెప్పకపోతేనా? ఆదివారం వస్తాను. నీ పక్కన నిలబడతాను. అందరి ముందూ నీకు పేజీలు తిప్పుతాను.

… వద్దా? ఎందుకొద్దు? ఎవరో ఒకరు తిప్పాలిగా. భయపడకు, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యను.

పెట్టేస్తున్నా.